ఫ్లోరాల్బా కనుమ ఎక్కిన ఆదివారం

మా ఆడపడుచు ఫ్లోరాల్బా ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపింది. బొగొటా నుంచి గవిలాన్ కనుమ మీదుగా శాన్ బెర్నబేకి వెళ్ళే దారిలో స్టీరింగు పట్టిన మొదటి ఆడది ఆమే. పొగమంచులోనూ, కొండచరియలు విరిగిపడే ఏప్రిల్ వానల్లోనూ, కోళ్ళూ బంగాళాదుంప బస్తాలూ పెళ్ళికూతుళ్ళూ కిక్కిరిసిన ఆ బస్సును ఒక్కనాడు కూడా లోయ పాలు చేయకుండా ఇంటికి చేర్చింది. అలాంటి మనిషికి సైకిలు తొక్కడం రాదన్న సంగతి, ఆమెకు యాభై ఆరేళ్ళు నిండేదాకా మాలో ఎవరికీ తెలియదు.

అది బయటపడింది మా దుకాణం ముందే.

మాది కనుమ నెత్తి మీది దుకాణం. బస్సులు తిరిగే రోజుల్లో ప్రయాణికులు చేతులు రుద్దుకుంటూ దిగి, వేడి వేడి బెల్లం నీళ్ళలో జున్నుముక్క ముంచుకుని తినేవారు. ఆ తర్వాత కొండ కింద సొరంగాలతో కొత్త రోడ్డు వచ్చింది. బస్సులన్నీ అటు మళ్ళాయి. అదే ఏడాది వానలకు నగరం వైపు పాత రోడ్డు ఒకచోట దాదాపు మొత్తం లోయలోకి జారిపోయింది. రోడ్ల శాఖవాళ్ళు దాన్ని బాగుచేసే ఆలోచన మానుకుని, కొండ మొదట్లో కాంక్రీటు దిమ్మలు అడ్డం పెట్టి వెళ్ళిపోయారు. మనిషి దూరగలడు, సైకిలు దూరుతుంది, కారు దూరదు. ఫ్లోరాల్బాకు నగరంలో వేరే బస్సు ఇస్తామన్నారు. “చదును నేల మీద బస్సు నడపడానికి డ్రైవరెందుకు, రాయి పెట్టినా నడుస్తుంది” అని చెప్పి ఇంటికొచ్చేసింది. మా దుకాణం వెనకే ఆమె ఇల్లు.

మా ఆయన ఎలియెసెర్ దుకాణం మూసేద్దామన్నాడు. “గాలికి పోస్తావా బెల్లం నీళ్ళు?” అని రోజూ ఒకసారి అడిగేవాడు. నేను పొయ్యి మాత్రం ఆర్పలేదు.

అప్పుడు మొదలయ్యారు సైకిళ్ళవాళ్ళు. ముందు ఒకరిద్దరు, తర్వాత గుంపులు గుంపులుగా. మా దేశంలో సైకిలంటే ఎంత పిచ్చో చెప్పనక్కర్లేదు. అంత పెద్ద నగరం పక్కనే, లారీ పొగ లేని, హారను మోత లేని కొండదారి దొరికిందంటే వదులుతారా? ఆదివారం పొద్దున్నే రొప్పుతూ, చెమటలూ ఆవిర్లూ కక్కుతూ పైకొచ్చేవాళ్ళు. మా పొయ్యికి మళ్ళీ పని దొరికింది.

ఫ్లోరాల్బా నడుం మీద చేతులు పెట్టుకుని, వాళ్ళు తిరిగి దిగడం చూస్తుండేది. ఒకరోజు యురానీ అనే మనిషి, నగరంలో లెక్కల టీచరు, మొదటి మలుపులోనే జర్రున జారి గడ్డిలో పడింది. ఫ్లోరాల్బా గబగబా దిగివెళ్ళి, లేవదీయడానికి ముందే చివాట్లు మొదలుపెట్టింది.

“మలుపులోకి వెళ్ళాక బ్రేకు వేస్తారా ఎవరైనా? ముందే వెయ్యాలి! మలుపు అవతలికి చూడాలి గానీ గోతిలోకి చూస్తే గోతిలోకే పోతావ్.”

యురానీ గడ్డి దులుపుకుంటూ నవ్వింది. “అక్కా, ఇంత తెలిసినదానివి నువ్వే ఒకసారి దిగి చూపించరాదూ? ఇదిగో నా సైకిలు.”

ఫ్లోరాల్బా ముఖం చూశాను. ముప్ఫై ఏళ్ళలో ఆ ముఖం అలా చిన్నబోవడం నేను చూడలేదు.

“రాదు” అంది.

“ఏంటి రానిది?”

“సైకిలు. చిన్నప్పుడు ఇంట్లో ఒకటే ఉండేది. అది అన్నయ్యది. ముట్టుకోనిస్తేగా!”

మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అందరూ అతని వైపు తిరిగేసరికి లోపల ఏదో పనున్నట్టు వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం యురానీ తన అన్నగారి పాత సైకిలొకటి నడిపించుకుంటూ తెచ్చి మా గోడకి ఆనించింది. “ఇది నీకే అక్కా, పడితే పడింది.”

పడింది. ఎన్నిసార్లు పడిందో ఆ కొండకే తెలియాలి. బస్సు స్టీరింగు తిప్పినట్టు హ్యాండిలును వెడల్పుగా తిప్పేది. తిప్పిన వైపే కూలబడేది. “వదినా, దీనికి తొందరెక్కువ. చెప్పేలోపే తిరిగిపోతుంది” అనేది బురదలో కూర్చుని.

“బస్సయితే ఎక్కినవాళ్ళందరూ నీకు భయపడేవాళ్ళు. అది భయపడట్లేదు, అంతే” అన్నాను.

“భయపడుతుంది చూడు.”

వానలు పడినన్నాళ్ళూ వదల్లేదు. దుకాణం దగ్గర బయల్దేరి ఒక మలుపు దిగేది, తిరిగి ఎక్కేది. ఆ మలుపు లొంగాక రెండోది. ఆ ఎత్తున పుట్టి పెరిగిన ఊపిరితిత్తులు కాబట్టి నగరంవాళ్ళలా ఆయాసపడేది కాదు గానీ, మోకాళ్ళు మాత్రం బాగా తిట్టుకున్నాయి. క్రిస్మస్ నాటికి ఎరాక్లియో గారి పొలం దాకా దిగి, ఆగకుండా తిరిగి ఎక్కి వచ్చేది. నేను రోడ్డు మీదికొచ్చి చప్పట్లు కొడితే, “పక్కకి తప్పుకో వదినా, ఇది ఎక్స్‌ప్రెస్సు” అనేది.

అంతలో గేటు వచ్చింది.

ఎరాక్లియో గారిది మాకు దిగువన, రోడ్డుకు రెండువైపులా ఉన్న పెద్ద పశువుల పొలం. మనిషి చెడ్డవాడు కాదు, మొండివాడు. అతనికీ ఫ్లోరాల్బాకీ పాత పేచీ ఒకటి ఉంది. ఒకసారి దూడతో సహా బస్సెక్కుతానంటే ఆమె ఎక్కించుకోలేదు. దూడకి టిక్కెట్టు కొంటానన్నాడు కూడా. ఇప్పుడు, ఎవరో సైకిళ్ళవాళ్ళు వేగంగా దిగుతూ కేకలు వేస్తే, అతని చూడిపెయ్య ఒకటి బెదిరి ముళ్ళతీగలో పడి కడుపంతా చీరుకుంది. దాంతో అతనికి ఒళ్ళు మండి రోడ్డుకు అడ్డంగా ఇనుప గేటు పెట్టించి, తాళం వేశాడు. సైకిళ్ళెత్తి దాటించబోయిన వాళ్ళ మీదికి కుక్కల్ని వదిలాడు.

రెండు ఆదివారాలు దుకాణానికి ఎవరూ రాలేదు. మూడో వారం ఫ్లోరాల్బా గేటు దగ్గరికి దిగింది. నేనూ వెంట వెళ్ళాను.

ఎరాక్లియో గారు ఉన్ని రువానా కప్పుకుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని గేటు అవతల నిలబడ్డాడు. వెనక ఇంటి గడపలో ఆయన భార్య తెయోఫిలా బంగాళాదుంపలు తొక్క తీస్తోంది.

“ఏమ్మా ఫ్లోరాల్బా, ఈ వయసులో రెండు చక్రాలెక్కావంట!”

“పెయ్య ఎలా ఉంది ఎరాక్లియో గారూ?”

ఆ ప్రశ్నకి అతను కొంచెం తగ్గాడు. “బతికింది. కుట్లు పడ్డాయి.”

“అది తప్పే. కేకలు వేసినవాళ్ళకి నేను బుద్ధి చెప్తాను. ఆవులు దాటే వేళకి ఆగాలని చెప్తాను. కాగితాలు పారేస్తే నేనే ఏరతాను. కానీ రోడ్డుకి తాళమేంటండీ? మా నాన్న ఈ రోడ్డుకి రాళ్ళు మోశాడు.”

“మా తాత నేలిచ్చాడు. బస్సుల కోసమిచ్చాడు. బస్సులు పోయాయి, నేల నాకొచ్చింది. ఈ సైకిళ్ళవాళ్ళకి కొండంటే ఏం తెలుసు? నాలుక వేలాడేసుకుంటూ వస్తారు, సగం దూరం నడిచి తోసుకొస్తారు. ఇది వాళ్ళ రోడ్డెలా అవుతుంది?”

“నేను తోసుకురాను.”

“నువ్వు పైనించి దిగి ఎక్కుతున్నావ్. నేనూ చూస్తున్నాగా. అది ఎక్కడమా?” గేటు మీద చెయ్యి వేసి వంగాడు. “కింద దిమ్మల దగ్గర బయల్దేరి, ఇక్కడిదాకా ఒక్క కాలు నేల మీద పెట్టకుండా తొక్కుకురా. నా చేత్తో నేనే తీస్తా తాళం.”

“తీశాక మళ్ళీ వెయ్యకూడదు.”

“వెయ్యను. రాలేకపోతే?”

“రాలేకపోతే నా సైకిలు తీసుకెళ్ళి మీ కొట్టంలో మేకుకి తగిలించుకోండి. రోజూ పాలు పితుకుతూ చూసుకుని నవ్వుకోవచ్చు.”

తిరిగొస్తుంటే ఆమె చెయ్యి పట్టి ఆపాను. “ఏమే, ఆ నిట్టనిలువు ఎక్కుడు, లా మూలా నిట్రం సంగతి మర్చిపోయావా? అక్కడ బస్సు కూడా జనాన్ని దింపి ఎక్కేది కదే!”

“అది జనం బరువుకి వదినా. ఇప్పుడు నేనొక్కదాన్నే.”

జనవరి ఆఖరి ఆదివారం పెట్టుకున్నారు. ఫ్లోరాల్బా ముందురోజే కొత్త రోడ్డు బస్సులో నగరానికి పోయి యురానీ ఇంట్లో పడుకుంది. ఆ మాట నగరంలో ఎలా పాకిందో తెలియదు; పొద్దున దిమ్మల దగ్గరికి వెళ్ళేసరికి రెండొందల పైచిలుకు సైకిళ్ళు ఎదురుచూస్తున్నాయట. “చూడండర్రా, ఎవరూ నన్ను తోయద్దు, పట్టుకోవద్దు, నా ముందు రావద్దు. వెనకాల మీ ఇష్టం” అని చెప్పి పెడలు మీద కాలు వేసింది.

దారిలో జరిగింది యురానీ నాకు తర్వాత చెప్పింది. యూకలిప్టస్ తోపుల్లో ఉన్నంతసేపూ ఫ్లోరాల్బా ఆపకుండా మాట్లాడుతూనే ఉందట. బస్సు ఆగే చోట్లు వచ్చినప్పుడల్లా అలవాటు కొద్దీ అరిచేదట: “లా సియెనగా! దిగేవాళ్ళు దిగండి!” వెనకున్న రెండొందల మందీ “ఎవరూ లేరు, పోనీయ్!” అని కేక వేసేవారట.

రోడ్డు జారిపోయిన చోట మిగిలింది మూరెడు పట్టీ. ఒకవైపు మట్టి గోడ, ఇంకోవైపు లోయ. ఎంత ఆరితేరినవాళ్ళైనా అక్కడ దిగి నడుస్తారు. యురానీ తన సైకిలు దిగిపోయింది.

“అక్కా, ఇక్కడొక్కచోట దిగు. ఆయన చూడట్లేదు కదా.”

“నేను చూస్తున్నానుగా” అంది ఫ్లోరాల్బా. “బస్సు వెడల్పు కొలుచుకోగలిగినదాన్ని, నా వెడల్పు నాకు తెలియదా?”

యురానీ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఫ్లోరాల్బా అవతల ఉంది.

లా మూలా నిట్రంలో మాత్రం మాటలు ఆగిపోయాయి. సైకిలు ఎంత నెమ్మదించిందంటే, ఒక కుక్క పక్కనే నడుస్తూ వచ్చి, విసుగెత్తి ముందుకు వెళ్ళిపోయిందట. హ్యాండిలు వదిలితే పడిపోతుంది కాబట్టి, యురానీ పక్కన తొక్కుతూ జామపండు హల్వా ముక్క విప్పి ఆమె నోట్లో పెట్టింది. నమిలింది, మింగింది, ఇంకోటి పెట్టమన్నట్టు నోరు తెరిచింది. అప్పుడు ధైర్యమొచ్చిందట యురానీకి. “తిండి అడిగే మనిషి ఓడిపోదు కదా” అంది నాతో.

ఇక నేను కళ్ళారా చూసింది చెబుతాను.

ఎలియెసెరూ నేనూ పొద్దున్నే గేటు దగ్గరికి దిగి కూర్చున్నాం. రాత్రి కురిసిన మంచు గడ్డి మీద ఇంకా తెల్లగానే ఉంది. శాన్ బెర్నబే నుంచి సగం ఊరు వచ్చింది. ఎరాక్లియో గారు మడత నలగని కొత్త రువానాలో, తాళంచెవి వేలికి తగిలించుకుని నిలబడ్డాడు. దిగువ మలుపులు ఒక్కొక్కటీ కనిపిస్తాయక్కడికి. ముందు ఒక చుక్క, దాని వెనక రంగురంగుల తోక. మలుపు తిరిగినప్పుడల్లా కనిపించకుండా పోయి, మళ్ళీ పైకి తేలేది. మా ఆయన గొణుక్కుంటున్నాడు: “చిన్నప్పుడు నా సైకిలు దానికి ఇచ్చి ఉండాల్సింది...”

చివరి నిట్టనిలువు ముక్కలోకి వచ్చింది. ముఖం బీట్‌రూట్ ముక్కలా ఉంది. గేటు ఇంకో వంద అడుగులుంది.

సరిగ్గా అప్పుడు ఆవులు వచ్చాయి.

ఎడమ బయలు నుంచి కుడి బయలుకి ఆ వేళకి రోజూ దాటతాయి. పాలేరు ఎప్పటిలాగే కంచె కొయ్యలు తీశాడు. మచ్చల మచ్చల పాడి ఆవులు మందగా రోడ్డు నిండిపోయి, గేటుకీ ఆమెకీ మధ్యన తీరిగ్గా నిలబడ్డాయి. ఆగితే కాలు దింపాలి. నేను కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నాను.

“తిరిగింది!” అని ఎలియెసెర్ అరిచాడు.

నిజంగానే తిరిగింది. ఆవుల ముక్కుల ముందు నుంచి హ్యాండిలు తిప్పేసి, వచ్చిన దారినే కొంత దిగి, మలుపు దగ్గర మళ్ళీ తిరిగి, అదే నిట్రం మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. పైకి వచ్చేసరికి ఆవులు అక్కడే ఉన్నాయి. మళ్ళీ తిరిగింది. మళ్ళీ దిగింది. వెనకున్న రెండొందల మందీ దిగి పక్కకి తప్పుకుని, రోడ్డు ఆమెకొక్కదానికే వదిలేశారు. మూడోసారి ఎక్కుతున్నప్పుడు సైకిలు తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతోంది.

జనమంతా ఎరాక్లియో గారి వైపే చూశారు.

“నేను తోలించలేదు!” అన్నాడు అతను చేతులెత్తి. “రోజూ ఈ వేళకే దాటతాయి! అందరికీ తెలుసు!”

“తెలుసండీ” అన్నాడు మా ఆయన. “కాకపోతే ఇవాళ ఆదివారం కదా, కబుర్లు చెప్పుకుంటూ దాటుతున్నట్టున్నాయి.”

ఎరాక్లియో గారి మెడ దాకా ఎరుపెక్కింది. “నా పందెం ఆవులు గెలిపించాయంటారా రేపు ఊళ్ళో?” అంటూ గేటు మీంచి ఒక్క దూకు దూకాడు. డెబ్బై ఏళ్ళ మనిషి! టోపీ తీసి వీపుల మీద బాదుతూ, పేరు పేరునా తిడుతూ మందని తోలాడు. అన్నీ కదిలాయి గానీ దుకేసా అనే ముసలావు మాత్రం రోడ్డు మధ్య నిలబడి నెమరు వేస్తోంది. కొమ్ములు పట్టుకుని లాగాడు. కదల్లేదు. వెనక్కి వెళ్ళి భుజం పెట్టి తోశాడు. కొత్త రువానాకి పేడ అంటుకుంది.

“కదలవే నా తల్లీ! పరువు తీయకే!”

అప్పుడు కదిలింది.

“తాళం!” అని అరిచింది కింద నుంచి ఫ్లోరాల్బా. “తాళం తియ్యండి ఎరాక్లియో గారూ, ఈసారి తిరగడానికి కాళ్ళు లేవు!”

అతను గేటుకి పరుగెత్తాడు. తాళంచెవి దూరదు. ఇటువైపు నుంచి నేను గేటు ఊపుతున్నాను, ఎలియెసెర్ “ఎడమకి, ఎడమకి తిప్పండి!” అంటున్నాడు. ఆమె ఊపిరి వినబడేంత దగ్గరికి వచ్చేసింది. తాళం టక్కున ఊడింది. ఎరాక్లియో గారు గేటును ఒంటితో నెట్టాడు, ఆ సందులోంచి ఫ్లోరాల్బా మోచెయ్యి ఆయన టోపీకి తగిలేంత దగ్గరగా దూసుకుపోయింది.

ఆగలేదు.

“ఏయ్, ఎక్కడికే? గెలిచావే! దిగు!” అని అరిచాను.

“దుకాణానికి!” అంది వెనక్కి చూడకుండా. “ఆకలేస్తోంది వదినా, పొయ్యి మీద ఏమైనా పెట్టావా లేదా?”

ఆమెతో పాటు పరుగెత్తడం నా తరమా? యురానీ నన్ను దాటి వెళ్ళింది. ఆ వెనక మిగతా వాళ్ళంతా. గాలి విసురుకి గేటు మూసుకుపోబోతుంటే, ఎరాక్లియో గారే వీపు ఆనించి పట్టుకున్నాడు. ఒక్కొక్కరూ దాటుతూ “చల్లగా ఉండండి ఎరాక్లియో గారూ”, “మంచి ఆవులండీ ఎరాక్లియో గారూ” అంటూ పోతున్నారు. మొదటి పదిమందికీ పలకలేదు. తర్వాత తలూపాడు. చివరికి వచ్చినవాళ్ళకి “నెమ్మదిగా వెళ్ళండమ్మా, పైన గాలెక్కువ” అని జాగ్రత్తలు చెబుతున్నాడు.

మేం పైకి చేరేసరికి ఫ్లోరాల్బా ఇంకా సైకిలు మీదే ఉంది, మా గోడ పట్టుకుని. కాళ్ళు బిగుసుకుపోయి దిగలేకపోతోంది. ఎలియెసెర్ వెళ్ళి చెల్లెల్ని రెండు చేతులా ఎత్తి, చంటిపిల్లని దింపినట్టు బెంచీ మీద దింపాడు. ఏదో అనబోయాడు.

“ఇప్పుడేం అనకన్నయ్యా” అంది. “జున్ను పట్రా.”

ఆ రోజు మా దుకాణంలో బెల్లం రెండుసార్లు నిండుకుంది. మొక్కజొన్న రొట్టెలు కాల్చి కాల్చి నా అరచేతులు ఎర్రబడ్డాయి. సాయంత్రం దాకా ఫ్లోరాల్బా బెంచీ మీదే కాళ్ళు చాపుకుని కూర్చుని, దిగబోయే ప్రతివాళ్ళనీ పేరడిగి హెచ్చరించింది. ఆవులు కనిపిస్తే ఆగాలి. కేకలు వేయకూడదు. తిన్న కాగితం జేబులోకి. ఎవరైనా నవ్వితే, “నవ్వు. రేపు పెయ్యకి నువ్వే కుట్లు వేద్దువుగాని” అనేది. నవ్వు ఆగిపోయేది.

ఎరాక్లియో గారు మాట తప్పలేదు. గేటు ఉంది గానీ తాళం లేదు. పశువులు దాటే వేళకి మూస్తాడు, తర్వాత తెరుస్తాడు. ఆ వేళకి వచ్చినవాళ్ళు సైకిళ్ళు ఆనించి అతనితో పెయ్య సంగతులు మాట్లాడుతూ నిలబడతారు. దూడ పుట్టినప్పుడు యురానీ దాని మెడకి గంట తెచ్చి కట్టింది.

ఫిబ్రవరిలో ఒక బుధవారం నేను దుకాణం ముందు ఊడుస్తుంటే తెయోఫిలా వచ్చింది, భర్త టోపీ పెట్టుకుని, ఆయన ప్యాంటే బిగించి కట్టుకుని. నలభై ఏళ్ళలో ఆమె ఒక్కతే కొండెక్కి రావడం అదే మొదటిసారి.

“ఫ్లోరాల్బా ఉందా?” అంది అటూ ఇటూ చూస్తూ.

ఉందన్నాను. ఫ్లోరాల్బా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

“నాకూ నేర్పు” అంది తెయోఫిలా. “ఆయన సంతకి వెళ్ళాడు, సాయంత్రానికి గానీ రాడు. కానీ ముందే చెప్తున్నా, నేను పడితే నవ్వకూడదు.”

“నేను నవ్వను” అంది ఫ్లోరాల్బా. “మా వదిన సంగతి చెప్పలేను.”

గోడకి ఆనించిన పాత సైకిలు తీసి, సీటు దించి, తెయోఫిలాను ఎక్కించింది. నేను చీపురు పక్కన పడేసి రెండో వైపు పట్టుకున్నాను. ఖాళీ రోడ్డు మీద ముగ్గురం మొదటి మలుపు వైపు కదిలాం.